మ్యూజియం ల్యాబుల్లో గాలిని కొలిపించండి

కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రిగారికి,

నమస్కారం. పాత నీటిరంగు చిత్రం మీద పడే వెలుతురు 50 లక్స్ దాటకూడదని మాకు చదువుకునే రోజుల్లోనే నేర్పారు. అది ఉన్న గదిలో తేమ ఎంతో, వేడి ఎంతో ఒక యంత్రం రాత్రింబవళ్లు నమోదు చేస్తుంది. ఆ చిత్రాన్ని బాగుచేసే మనిషి పీల్చే గాలిలో ఏముందో నమోదు చేసే యంత్రం మాత్రం నేను పనిచేసిన ఏ ల్యాబులోనూ లేదు. నేను తైలవర్ణ చిత్రాలు, తాళపత్రాలు బాగుచేసే కాంట్రాక్టు ఉద్యోగిని. ఆ ఒక్క కొలత కోసమే ఈ లేఖ.

పసుపుబారిన వార్నిష్‌ను తీయాలంటే వెదురుపుల్లకు దూది చుట్టి, సాల్వెంట్‌లో, అంటే వార్నిష్‌ను కరిగించే ద్రవంలో ముంచి, బొమ్మ మీద మెల్లగా దొర్లించాలి. వార్నిష్‌తో పాటు రంగు కూడా లేచివస్తోందేమో చూసుకోవాలి గనుక ముఖం బొమ్మకు జానాబెత్తెడు దూరంలోనే ఉంటుంది. టోలీన్, జైలీన్, అసిటోన్ వాడతాం. మొండి వార్నిష్ అయితే డైమిథైల్ ఫార్మమైడ్; అది చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వాడేసిన దూది మూతలేని డబ్బాలో పడి సాయంత్రం దాకా ఆవిరవుతూనే ఉంటుంది. దుమ్ము రాకూడదని కిటికీలు మూసి ఏసీ వేస్తారు. అది గదిలోని గాలినే తిప్పితిప్పి చల్లబరుస్తుంది తప్ప బయటి గాలిని తేదు. ఆవిరిని బయటికి లాగేసే గూడు లాంటి ఫ్యూమ్ హుడ్ ఉంది, కాదనను. ఆరడుగుల కాన్వాసు అందులో పట్టదు కాబట్టి సీసాలు దాచుకునే అలమరాగా పనికొస్తోంది.

‘మీరు వాడేది చెంచాల లెక్కే కదా’ అంటారు అధికారులు. ఆ లెక్కే వేద్దాం. 100 మిల్లీలీటర్ల టోలీన్ దాదాపు 87 గ్రాములు. అయిదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న గదిలో గాలి మారకుండా అదంతా ఆవిరైతే ఘనపు మీటరుకు 1,400 మిల్లీగ్రాములు దాటుతుంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలు ఎనిమిది గంటల సగటుకు పెట్టిన హద్దు 375. అమెరికాలోని పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం సూచించే హద్దు అందులో అయిదో వంతే. నిజానికి తలుపు సందుల్లోంచి కొంత గాలి మారుతుంది, సాల్వెంటూ ఒక్కసారిగా ఆవిరి కాదు. అసలు అంకె ఇంతకంటే తక్కువ కావచ్చు. ముక్కు దగ్గర ఎక్కువా కావచ్చు. కొలిస్తే గానీ తేలదు.

తాళపత్రాల వాళ్లదీ, పాత కాగితాల వాళ్లదీ ఇంకో తంటా. బూజు చావడానికి థైమాల్, పురుగు చావడానికి పారాడైక్లోరోబెంజీన్ వేసి పెట్టెలో రోజుల తరబడి మూసి ఉంచుతారు. తెరిచినవాడి ముఖానికే ఆ ఆవిరి కొడుతుంది. పైగా ఎప్పుడో ఎవరో చల్లిన డీడీటీ, జంతువుల చర్మాలకు పూసిన ఆర్సెనిక్ సబ్బు ఏ రిజిస్టరులోనూ కనిపించవు. పాత రంగుల్లోనూ హరిదళం అంటే ఆర్సెనిక్, ఇంగిలీకం అంటే పాదరసం. వీటి పొడి రాలినప్పుడు మాకు ఇచ్చేది కరోనా నాటి గుడ్డ మాస్కు. అది ఆ సన్నని పొడినే సరిగా ఆపదు, సాల్వెంట్ ఆవిరిని అసలే ఆపదు. దానికి బొగ్గు ఫిల్టరున్న మాస్కు కావాలి.

ఇక చట్టం సంగతి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులకు వర్తించదు. అక్కడ కాంట్రాక్టరు ద్వారా పనిచేసేవారికి మాత్రం వర్తిస్తుంది. అంటే ఒకే బల్ల దగ్గర ఒకే సీసాలో దూది ముంచే ఇద్దరిలో పర్మనెంటు ఉద్యోగికి రక్షణ లేదు, నాకు కాగితం మీద ఉంది. మామూలుగా ఇది తలకిందులుగా ఉంటుంది లెండి! మ్యూజియం ల్యాబు ‘ఆఫీసు’ కిందికి వస్తుందా రాదా అని న్యాయవాదులు తేల్చేదాకా ఆగనక్కర్లేదు. మీ శాఖ ఉత్తర్వు ఒక్కటి చాలు.

ఆ ఉత్తర్వులో పెద్ద ఖర్చేమీ లేదు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ సాయం తీసుకోండి. ముందు ఏ గదిలో ఏ రసాయనం నెలకు ఎంత వాడుతున్నారో, దాని దగ్గర ఎవరు ఎన్ని గంటలు కూర్చుంటున్నారో రాయించండి. తర్వాత కాలరుకు చిన్న బ్యాడ్జీ తగిలించి షిఫ్టంతా ఉంచితే అది ఆవిరిని పీల్చుకుంటుంది. దాన్ని పరీక్షిస్తే అంకె వస్తుంది. టోలీన్ ఒంట్లోకి ఎంత వెళ్లిందో మూత్ర పరీక్షలోనూ తెలుస్తుంది. మామూలు రోజున కాకుండా వార్నిష్ తీసే రోజున, పురుగుమందు పెట్టె తెరిచే రోజున కొలిపించండి. లేకపోతే అంకెలు చక్కగా వస్తాయి, మా తలనొప్పులు మాత్రం అలాగే ఉంటాయి. గర్భిణులైన శిక్షణార్థులను ఫలితాలు వచ్చేదాకా సాల్వెంట్ పనికి దూరంగా ఉంచండి, స్టైపెండు కోయకుండా.

వచ్చిన అంకెలను డైరెక్టరు బీరువాలో పెట్టి తాళం వేయకుండా, కాంట్రాక్టు వాళ్లతో సహా అందరూ చదివేలా ల్యాబు గోడకు అంటించాలని కూడా ఆ ఉత్తర్వులోనే రాయండి.

ఇట్లు,
ఒక కాంట్రాక్టు కన్సర్వేటర్,
హైదరాబాద్