ఆరు సంచులు, ఒక మిషను

విజయవాడ
ఆదివారం రాత్రి

ప్రియమైన పద్మా,

ఇంట్లో అందరి బట్టలూ ఒకేసారి కుట్టాల్సి వస్తే ఎలా అని మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పుడే చెబుదామనుకున్నాను. కానీ ఒకపక్క కుక్కర్ కూతలు, ఇంకోపక్క మా చిన్నాడు ప్యాంటు పొట్టైపోయిందని గోల. రెండు మాటల్లో తేలే సంగతి కాదని కాగితం తీసుకున్నాను. మీ అమ్మగారి కుట్టు మిషను నీ ఇంటికి తెచ్చుకున్నావని విన్నప్పటి నుంచీ నాకు భలే సంతోషంగా ఉందే. మన చిన్నప్పుడు దాని కింద కూర్చుని ముక్కలు ఏరుకుని బొమ్మలకు ఓణీలు కట్టేవాళ్ళం, గుర్తుందా?

ముందు దాని సంగతే చెబుతాను. ఇన్నాళ్ళు మూలన ఉంది కాబట్టి తోలు బెల్టు సాగిపోయి ఉంటుంది. కొత్తది కొనక్కర్లేదు, అర అంగుళం కోసి మళ్ళీ క్లిప్పు బిగిస్తే సరిపోతుంది. కింద బాబిన్ పెట్టే షటిల్ దగ్గర దారం నూగు పేరుకుని ఉంటుంది, చిన్న బ్రష్‌తో దులిపి అన్ని చిల్లుల్లోనూ రెండేసి చుక్కలు మిషన్ నూనె వెయ్యి. వేశాక పాత గుడ్డ మీద ఓ పది నిమిషాలు తొక్కు, ఆ తర్వాతే మంచి బట్ట పెట్టు. లేకపోతే నూనె మరక పట్టు మీద పడుతుంది, అది పోదు. మోటారు పెట్టించమంటావా అన్నావు. నన్నడిగితే ఇప్పుడే వద్దు. కరెంటు పోయినా పని ఆగదు, మెడ వంపు దగ్గర ఒక్కో కుట్టే వేసుకోవచ్చు. చేతి చక్రం మాత్రం ఎప్పుడూ నీ వైపుకే తిప్పు, వెనక్కి తిప్పితే దారం చిక్కుపడి తెగిపోతుంది.

ఇక నువ్వడిగిన అసలు మాట. ఇంట్లో అందరికీ ఒకేసారి కుట్టాల్సి వస్తే ఎలా పెట్టుకుంటావు అన్నావు కదా. ఇప్పుడు నా దగ్గర ఆరు పనులున్నాయి. కార్తీకంలో మా ఆడపడుచు కూతురి పెళ్ళికి మా పెద్దదానికి మంగళగిరి పట్టు లంగా, జాకెట్టు. అదే పెళ్ళికి నాకొక జాకెట్టు. చిన్నాడి రెండు యూనిఫాం ప్యాంట్లు పొడుగు వదలాలి. మా ఆయన చొక్కాలు రెండింటికి కాలర్ అరిగింది, విప్పి తిప్పి కుట్టాలి. మా తోడికోడలికి డిసెంబర్లో పురుడు, పుట్టబోయే బిడ్డకు పాత చీరలతో బొంత. అత్తయ్యకు రెండు నూలు జాకెట్లు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆరున్నర. వంటా, పిల్లల చదువులూ అయ్యి మిషను ముందు కూర్చునేసరికి ఎనిమిదిన్నర. తొమ్మిదింబావు దాటితే కింది ఇంటివాళ్ళకు చప్పుడవుతుందని తొక్కను. అంటే రోజుకు ముప్పావు గంట.

ఆ ముప్పావు గంటలో ఇదివరకు పావుగంట వెతుకులాటకే పోయేది. హుక్కులు ఏ డబ్బాలో పెట్టాను, ఈ జాకెట్టుకు తెచ్చిన దారం ఏది, చంక ఎంత పెట్టాను అని. ఇప్పుడు ఒక్కో పనికి ఒక్కో సంచి. బట్టల షాపువాళ్ళు ఇచ్చే గుడ్డ సంచులే. అందులో గుడ్డ, లైనింగ్, దారం, హుక్కులు, కొలతకు పెట్టుకునే ఆది జాకెట్టు అన్నీ ఉండాల్సిందే. పైన చీటీ కుట్టి, తర్వాత చేయాల్సిన పని ఒక్కటే రాస్తాను. "భుజాలు కలపాలి", "ఎడమ చెయ్యి ఎక్కించాలి", అంతే. రాత్రి లేచేముందు ఆ చీటీ మార్చి మరీ లేస్తాను. మర్నాడు ఎంత అలిసిపోయి వచ్చినా, ఏం చెయ్యాలా అని ఆలోచించే పని ఉండదు. నిజం చెబుతున్నా పద్మా, నాకు టెన్షన్ తగ్గింది ఆ చీటీ వల్లే.

రెండోది, ఒక జాకెట్టు మొదలుపెట్టి పూర్తయ్యాకే ఇంకోటి అనే పద్ధతి మానేశాను. కత్తిరింపులన్నీ ఒక రోజు, కుట్లన్నీ వేరే రోజులు. శుక్రవారం రాత్రి లైనింగులూ, చీరల ఫాల్స్, నూలు బట్టలూ బకెట్లో నానబెడతాను. శనివారం నీడన ఆరతాయి. ఆదివారం ఇస్త్రీ చేసి, భోజనాలయ్యాక అందరూ కునుకు తీస్తుంటే నేల మీద పరుచుకుని కత్తిరిస్తాను. ఈ నానబెట్టడం మాత్రం ఎంత తొందరున్నా మానకు. కిందటేడు ఒక పట్టు జాకెట్టుకు లైనింగ్ తడపకుండానే వేశాను. ఒక్క ఉతుకుకు లోపల గుడ్డ కుంచించుకుపోయి, పైన పట్టంతా ముడతలు పడింది. ఇస్త్రీ పెట్టినా పోలేదు. మళ్ళీ మొత్తం విప్పాల్సి వచ్చింది.

కుట్టేటప్పుడు దారం రంగును బట్టి వెళతాను. మెరూన్ దారం ఎక్కించిన రోజు మెరూన్‌తో పనున్న సంచులన్నీ వరసగా. బాబిన్లు ఒక్కో రంగువి రెండేసి ముందే నింపుకుంటాను. సూది సంగతి ఇంకా ముఖ్యం. పట్టుకు 11 నంబరు, మామూలు నూలుకు 14, జీన్స్‌లాంటి దళసరి గుడ్డకు 16. దళసరి గుడ్డ కుట్టి సూది మార్చకుండా పట్టు పెడితే పడే చిల్లులు మళ్ళీ పూడవు. అందుకే చిన్నాడి ప్యాంట్లకూ లంగాకూ మధ్య ఒక రోజైనా గడువు పెట్టుకుంటాను. ప్యాంటు అంచు విప్పాక పాత మడత గీత కనిపిస్తుందే, దాని మీద వెనిగర్ కలిపిన నీళ్ళు అద్ది తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే చాలావరకు చదునవుతుంది. రంగు వెలిసిన గీతైతే పోదు.

లంగా గురించి కాస్త ఎక్కువ చెబుతాను, నీకూ ఆడపిల్లే కదా. కుచ్చిళ్ళకు నడుము కొలతకు మూడు రెట్లు గుడ్డ కావాలి. మా పెద్దదాని నడుము 24 అంగుళాలు, అంటే కనీసం 72, దాదాపు రెండు మీటర్లన్నమాట. నిండుగా రావాలని మూడు మీటర్లు తెచ్చాను. అంచు నిలువుగా తెగకుండా చూసుకుని, పొడుగులో నాలుగు అంగుళాలు లోపలికి మడిచి పెద్ద పెద్ద కుట్లు వేశాను. ఏటా ఒక్కో అంగుళం వదులుకోవచ్చు. జాకెట్టుకూ పక్కల రెండేసి అంగుళాలు ఉంచాను. పట్టు కొనేది ఒక్క పెళ్ళికి కాదు కదే. జరీ వైపు ఇస్త్రీ పెట్టకు, తిరగేసి పైన నూలు గుడ్డ పరిచి పెట్టు. పిల్లల కొలతలు మాత్రం పాతవి నమ్మకు. నా పుస్తకంలో ప్రతి కొలత పక్కనా తారీకు ఉంటుంది. ఏప్రిల్లో రాసిన మా పెద్దదాని భుజం ఇప్పటికి అర అంగుళం పెరిగింది.

కావలసినవన్నీ నవరాత్రులకు ముందే కొనేశాను. కొండ మీద అమ్మవారికి అలంకారాలు మొదలయ్యాక, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజు, వన్ టౌన్ వైపు అడుగు పెట్టలేం. నేను ఎప్పుడూ అక్కడి వస్త్రలత బట్టల మార్కెట్లోనే లైనింగులు కొంటాను. గుడ్డ ముక్క చేత పట్టుకుని వెళ్ళి, షాపు దీపాల కింద కాకుండా బయట వెలుతురులో రంగు కలిపి చూసుకుంటాను.

అయినా నా జాకెట్టు దగ్గర పెద్ద పొరపాటు జరిగింది. రాత్రి పూట, నిద్రమత్తులో, గుడ్డ మడవకుండా చేతులు ఒక్కొక్కటిగా కత్తిరించాను. రెండూ ఎడమ చేతివే! చంక దగ్గర ముందువైపు లోతు ఎక్కువ ఉండాలి కదా, రెండూ ఒకే వైపు వంగి ఉన్నాయి. జరీ ఉన్న గుడ్డ తిరగేయడానికి లేదు, మిగిలిన ముక్క చాలదు. ఆ రాత్రి ఏడుపొచ్చింది. మర్నాడు వెళ్ళి బంగారు రంగు టిష్యూ అర మీటరు తెచ్చి చేతులు వేరుగా వేశాను. అప్పటి నుంచీ రాత్రిపూట కత్తెర ముట్టుకోవడం లేదు. రాత్రిళ్ళు కుట్టుకే.

ఇప్పుడు ఎవరికీ చెప్పని మాట నీకు చెప్పాలి.

హుక్కులు, కాజాలు, హెమ్మింగ్ అన్నీ అత్తయ్యే చేస్తారు. సాయంత్రం కాఫీ తాగి కిటికీ దగ్గర కూర్చుంటారు, చిన్నాడు సూదిలో దారం ఎక్కించి ఇస్తాడు. ఆవిడ హెమ్మింగ్ పైకి ఒక్క పోగు కనబడదు. పోయిన శుక్రవారం అత్తయ్య నా జాకెట్టుకు హుక్కులు కుడుతుంటే ఆవిడ తొడుక్కున్న జాకెట్టు వైపు చూశాను. పై రెండు హుక్కుల చోట పిన్నీసు ఉంది. భుజం నొప్పితో కుడిచెయ్యి పైకి లేవడం లేదు కదా, చంక బిగుతై లాగుతుంటే అక్కడ చిరిగింది. "ఎన్నాళ్ళయింది అత్తయ్యా" అన్నాను. "శ్రావణంలో చిరిగిందమ్మా, నీ పనులు అవనీ అని ఊరుకున్నా" అన్నారు.

పద్మా, ఆవిడ సంచి నేను ఆషాఢంలోనే కట్టాను. చీటీ మీద "కత్తిరించాలి" అని రాసి ఉంది. మూడు నెలలు ఆ చీటీ మారలేదు. లంగాకు పెళ్ళి తేదీ ఉంది, ప్యాంటుకు స్కూలు తెరిచే తేదీ ఉంది, బొంతకు పురుడు ఉంది. అత్తయ్య జాకెట్లకు ఏ తేదీ లేదు, ఆవిడ అడగనూ లేదు. ప్రతి వారం ఏదో ఒకటి దాని మీదికి వచ్చి పడుతూనే ఉంది. నా ఏర్పాటంతా నాకు ఎంతో బాగుందనిపించింది ఇన్నాళ్ళూ. అందులో ఇంత ఖాళీ ఉందని ఆ పిన్నీసు చూసేదాకా తెలియలేదు.

శనివారం మిగతా ఐదు సంచులూ అలమారాలో పెట్టేశాను. పాత ఆది పక్కన పెట్టి ఆవిడకు కొత్తగా కొలతలు తీసుకున్నాను. చంక అంగుళంన్నర వదులు చేసి, కింద చిన్న నలుపలకల ముక్క వేశాను, చెయ్యి కదిలినప్పుడు లాగకుండా. హుక్కుల బదులు ముందువైపు పెద్ద ప్రెస్ బటన్లు, ఎడమచేత్తో నొక్కుకునేలా. ఇవాళ మధ్యాహ్నానికి ఒకటి పూర్తయింది. తొడుక్కుని, చెయ్యి మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించి చూసుకున్నారు. "హాయిగా ఉందే" అన్నారు. కాసేపాగి, ప్రెస్ బటన్ల కుట్టు తనకు వదిలేస్తే ఇంకా గట్టిగా వేసేదాన్నని అన్నారు. రెండోదానికి ఆవిడే కుడతారట.

పని తేలిక చేసుకోవడానికి ఒకటి వదిలేశాను కూడా. హాల్లో కర్టెన్లు నేనే కుడతానని వేసవిలో అన్నాను, అవి బయట ఇచ్చేశాను. నిలువు కుట్లు తప్ప ఏమీ లేని పనికి నా ముప్పావు గంటలు వారం పాటు పోయేవి. అంచు పోగులు ఊడకుండా వేసే పీకో, ఓవర్‌లాక్ కూడా బయటే. చొక్కా కాలర్లు మాత్రం నేనే తిప్పుతాను. మా ఆయన కుట్లు విప్పిపెడుతున్నారు, బ్లేడుతో ఓపిగ్గా, గుడ్డ తెగకుండా.

బొంత పెద్దదాని ట్యూషన్ బయట కూర్చుని కుడుతున్నాను. మా అమ్మ కట్టి కట్టి మెత్తబడిన మూడు నూలు చీరలు, నాలుగు పొరలు. నువ్వు కుడితే నడిమి నుంచి అంచులకు వెళ్ళు, అంచుల నుంచి మొదలుపెడితే మధ్యలో గుడ్డ ఉబ్బిపోతుంది. ముందు నాలుగు వైపులా పొడుగు కుట్లతో పొరలు కదలకుండా పట్టించుకో.

నువ్వు మొదట ఏం కుట్టాలనుకుంటున్నావు? పట్టు జోలికి వెళ్ళకు, రెండు దిండు గలీబులు కుట్టి చెయ్యి అలవాటు చేసుకో. ఆ తర్వాత మీ అమ్మగారికే ఒక జాకెట్టు కుట్టు. ఆవిడ ఇప్పుడు ఎలా తొడుక్కుంటున్నారో, ఎక్కడ బిగుతో ముందు అడుగు. సెలవుల్లో వస్తావు కదా, ఆవిడ ఆది జాకెట్టు తీసుకురా, ఇద్దరం కలిసి నేల మీద పరుచుకుని కత్తిరిద్దాం. లైనింగ్ మాత్రం అక్కడే నానబెట్టి ఆరేసి తీసుకురా.

నీ
సుధ