ఇరుసు కాదురా, యాక్సెల్

హన్మకొండ,
ఆదివారం రాత్రి

అరే రవీ,

ఎట్లున్నావురా? నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, తిట్టుకోకు. మంచు లేని ఊళ్ళో ఫిగర్ స్కేటింగ్ ఏందని ఎగతాళి చేశావు కదా. నేను పిల్లలకి నేర్పేది నాలుగు చక్రాల స్కేట్ల మీద, సిమెంటు నేల మీద. జంపులు మాత్రం అవే: సాల్కో, లూప్, ఫ్లిప్, లట్జ్, యాక్సెల్. ఎండెక్కకముందే అయిపోవాలని పొద్దున ఐదున్నరకే మొదలుపెడతాం.

ఇన్నేళ్ళూ నేనొక తప్పు చేశాను. పిల్లలు ఎగరబోతుంటే గట్టు మీద నిలబడి "తిరుగు, తిరుగు" అని అరిచేవాణ్ణి. అది విని కాలు నేల మీద ఉండగానే భుజాలు తిప్పేసేవాళ్ళు. ఇంకేముంది, గాల్లో ఒరిగిపోయి పక్కకి పడేవాళ్ళు. మన బొంగరం గుర్తుందా? తాడు వదిలాక ఎంత అరిచినా దానికి కొత్త ఊపు రాదు. జంపూ అంతే. తిరిగే ఊపు నేల మీంచే తెచ్చుకోవాలి, గాల్లో చేతులు ముడుచుకుంటే అదే ఊపు వేగం పెంచుతుంది. ఉండేది అర సెకను, అటూ ఇటూగా. అందుకే ఇప్పుడు "పైకి... ముడువు" అంటున్నా. అర్థం కావాలని తిరిగే కుర్చీలో కూచోబెట్టి, చేతులు చాపి ముడవమన్నా. అర్థమైంది, నలుగురికి కళ్ళు కూడా తిరిగాయి.

దిగడం అయితే మొదటి రోజు నుంచే నేర్పుతున్నా. ఎడమవైపు తిరిగేవాళ్ళు కుడికాలి మీద, వెనక్కి జారుతూ, పాదం బయటి అంచు మీద దిగాలి. మోకాలు వంగాలి, చేతులు విచ్చుకోవాలి. రెండు లెక్కపెట్టేదాకా కదలొద్దు.

పైన చెప్పిన జంపుల్లో యాక్సెల్ ఒక్కటే ముఖం ముందుకి పెట్టి ఎగిరేది, అందుకే చుట్టుకి అదనంగా ఇంకో అర చుట్టు. "సార్, అది బండి ఇరుసా?" అన్నాడొకడు! కాదురా, 1882లో వియన్నాలో యాక్సెల్ పాల్సన్ అనే నార్వే ఆయన చేశాడని చెప్పా. నాలుగున్నర చుట్ల యాక్సెల్‌ని పోటీలో అమెరికా కుర్రాడు ఇలియా మాలినిన్ మొదటిసారి సరిగ్గా దిగింది 2022లో. నూట నలభై ఏళ్ళు! మా పిల్లలకేమో వచ్చే నెలకే కావాలి.

అసలు సంగతి ఇది. పన్నెండేళ్ళ పిల్ల ఒకతి ఉంది, యాక్సెల్ చక్కగా చేసేది. ఎండాకాలంలో అమాంతం పొడుగైంది, జంపు పోయింది. రోజూ ఏడుపే. నేనూ మొండిగా నలభై సార్లు ఎగిరించా, మోకాలు నొప్పి మొదలైంది. తప్పు నాదే. "నా బిడ్డకేమైంది సార్?" అని వాళ్ళమ్మ అడిగితే, ప్యాంటు చూడండమ్మా, ఎంత పొట్టిదైందో అన్నా. ఒళ్ళు కొత్తదైంది, లెక్క మళ్ళీ కుదరాలి. మంచు మీద పెద్దల పోటీలకు కనీస వయసు 15 నుంచి 17కు పెంచాలని అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం 2022లో ఊరికే నిర్ణయించలేదు, పిల్లల ఆరోగ్యం కోసమే. డాక్టరు సరేనన్నాక అర చుట్టు వాల్ట్జ్ జంపు నుంచి మళ్ళీ మొదలుపెట్టాం, రోజుకి పదే. మొన్న ఒక్క చుట్టు సాల్కో దిగింది. సంబరంలో లెక్కపెట్టడం మరిచి నా మీదికి దూసుకొచ్చింది, నా నడుము ఇంకా నొప్పే.

పండక్కి వస్తావు కదా, హైదరాబాద్ నుంచి స్కేట్ల ముందు పెట్టే స్టాపర్ రబ్బర్లు నాలుగు జతలు పట్టుకురా. డబ్బులిస్తాలే, ఈసారి నిజంగానే.

నీ,
సత్తి