ఇసుక ఉచితమే, కిరాయి మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

ఇంటి నిర్మాణ వ్యయం పెరిగిందన్న మాట వచ్చినప్పుడల్లా సిమెంటు బస్తా ఎంత, ఇనుము టన్ను ఎంత అన్న చర్చే పత్రికల్లో కనిపిస్తుంది. ఆ రెండు ధరలూ దుకాణం బోర్డు మీదే ఉంటాయి కనుక అందరి దృష్టీ వాటి మీదే పడుతుంది. పునాది తవ్వకం మొదలుకొని గోడలకు రంగులు వేసేదాకా ప్రతి పద్దులోనూ పైకి తెలియకుండా కలిసిపోయే ఖర్చు మాత్రం డీజిల్‌ది. విశాఖపట్నం శివార్లలో ఇల్లు కట్టుకుంటున్నవారికి ఇది ఎలా తగులుతోందో మీ పత్రిక ద్వారా ప్రభుత్వం దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

రాష్ట్ర ప్రభుత్వం 2024 జులై 8 నుంచి ఉచిత ఇసుక విధానాన్ని అమలు చేస్తోంది. ఆ తర్వాత సీనరేజీ (ఖనిజం తవ్వినందుకు ప్రభుత్వం తీసుకునే రుసుము) కూడా రద్దు చేసింది. మంచి నిర్ణయమే, కాదనను. అయితే నదికి దగ్గరగా ఉన్న ఊళ్లకు అందినంత మేలు మాకు అందలేదు. విశాఖ చుట్టుపక్కల చెప్పుకోదగ్గ రీచ్‌లు (నదిలో ఇసుక తవ్వే చోట్లు) లేవు కాబట్టి నాగావళి, వంశధార ఇసుక శ్రీకాకుళం జిల్లా నుంచి, గోదావరి ఇసుక రాజమహేంద్రవరం వైపు నుంచి రావలసిందే. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే టిప్పరు రానూ పోనూ రెండువందల ఇరవై కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. వెళ్లేటప్పుడు ఖాళీ, వచ్చేటప్పుడు నిండు లోడు. సగటున లీటరుకు మూడున్నర కిలోమీటర్లు వస్తే గొప్ప. అంటే ఒక్క లోడుకు అరవై లీటర్ల పైన, లీటరు 97 రూపాయలనుకుంటే ఆరు వేలు డీజిల్‌కే పోతుంది. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి కట్టుబడి, శ్లాబు, ప్లాస్టరింగు అన్నీ కలిపి నాలుగైదు లోడ్లు పడతాయి. డ్రైవరు బత్తా, టోలు, లోడింగు, బండి యజమాని మిగులు ఇవన్నీ దానిపైన. మా స్థలంలో ఇసుక దించిన రోజు డ్రైవరు ఇచ్చిన చీటీలో సరుకు ధర ఉండాల్సిన చోట గీత, కిరాయి ఉండాల్సిన చోట పెద్ద అంకె ఉన్నాయి. చీటీ చూసిన మేస్త్రీ, "ఇసుకకు డబ్బుల్లేవండి, ఏటికెళ్లి గోనెసంచుల్లో తెచ్చుకుంటే" అన్నాడు.

ఆ కిరాయిలో ప్రభుత్వాల వాటా ఎంతో కూడా చూడాలి. కేంద్ర ఎక్సైజ్ సుంకం కూడా కలిసిన ధర మీద రాష్ట్రం 22.25 శాతం వ్యాట్, దానికి తోడు లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, రోడ్డు అభివృద్ధి సెస్సు కింద మరో రూపాయి వసూలు చేస్తోంది. అంటే సీనరేజీ రూపంలో వదులుకున్నదానిలో కొంత డీజిల్ బంకు దగ్గర ఖజానాకు తిరిగి చేరుతోంది. సిమెంటుపై జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. డీజిల్ మాత్రం 2017లో జీఎస్టీ వచ్చిన నాటి నుంచీ దాని పరిధి బయటే ఉండిపోయింది. బయట ఉన్నందువల్ల లారీ యజమాని డీజిల్‌పై కట్టిన పన్నును మరోచోట సర్దుబాటు చేసుకునే వీల్లేక మొత్తాన్నీ కిరాయిలో కలిపేస్తాడు. (గోదావరి జిల్లాల లారీలు యానాం వెళ్లి ట్యాంకులు నింపుకొని రావడం అందరికీ తెలిసిందే, పుదుచ్చేరి పన్నుకూ మన పన్నుకూ ఉన్న తేడా అదే చెబుతోంది.)

ఇసుకతోనే ఇది ఆగదు. జేసీబీ వాళ్లు గంట అద్దెను రెండు రకాలుగా చెబుతారు: డీజిల్ మీరే పోస్తే ఒక రేటు, వాళ్లే పోసుకుంటే మరొకటి. బోరు లారీ అడుగుకు ఇంతని తీసుకునేదానిలో సింహభాగం కంప్రెసరు తాగే డీజిలే. అనకాపల్లి క్వారీల్లో రాయి తవ్వడం మొదలుకొని కంకర మన గుమ్మంలో పడేదాకా అడుగడుగునా ఇంజనే. గుజరాత్‌లోని మోర్బీలో గ్యాస్‌తో కాల్చిన టైల్సు దేశం ఆ చివర నుంచి ఈ చివరకు లారీల్లో వస్తాయి. సిమెంటు బట్టీల్లో మండించే పెట్‌కోక్ (చమురు శుద్ధిలో మిగిలే బొగ్గులాంటి ఇంధనం), పీవీసీ పైపులు, వైర్ల మీది తొడుగు, పెయింట్లలో కలిపే ద్రావకాలు ఇవన్నీ ముడిచమురు సంతానమే. చమురు పెరిగిన వారంలోనే వీటి ధరలు పెరుగుతాయి. తగ్గినప్పుడు మాత్రం అంత తొందర కనబడదు. 2021 నవంబరులో డీజిల్‌పై కేంద్రం ఎక్సైజ్‌ను లీటరుకు 10 రూపాయలు, 2022 మేలో మరో 6 రూపాయలు తగ్గించింది. ఆ మేరకు కిరాయిలు దిగిన జాడ మా వైపు ఎవరూ చూడలేదు.

ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టర్ల పరిస్థితి వేరు. వారి అంచనాల్లో 'లీడ్' పేరుతో సరుకు ఎన్ని కిలోమీటర్లు రావాలో లెక్కగట్టి రవాణా ఖర్చు చేరుస్తారు. ఒప్పందంలో ధరల సవరణ నిబంధన ఉంటే ఇంధనం పెరిగిన మేరకు అదనంగా చెల్లిస్తారు. సొంత ఇల్లు కట్టుకునే పేదవాడికి ఈ రెండూ లేవు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద మైదాన ప్రాంతాల్లో ఇచ్చే సాయం 2016లో పథకం మొదలైనప్పుడు 1.20 లక్షల రూపాయలు. డీజిల్ లీటరు అరవైకి అటూ ఇటూ ఉన్న రోజుల నాటి ఆ మొత్తాన్నే పథకం రెండో దశకూ కొనసాగించారు. రీచ్ పక్కనున్న లబ్ధిదారుకూ, వంద కిలోమీటర్ల అవతలి లబ్ధిదారుకూ అదే మొత్తం.

డీజిల్‌ను జీఎస్టీలోకి తేవడం జీఎస్టీ మండలి తేల్చాల్సిన విషయం, రాష్ట్రాల ఆదాయంతో ముడిపడినది. అది ఇప్పట్లో జరుగుతుందన్న ఆశ నాకు లేదు. రాష్ట్రం చేతిలో ఉన్నవి రెండున్నాయి. గృహనిర్మాణ సాయానికి ఇసుక, కంకర దూరాన్ని బట్టి రవాణా భత్యం కలపాలి. ప్రతి ఇసుక స్టాక్‌యార్డులో టన్నుకు కిలోమీటరుకు ఇంత అని కిరాయి బోర్డు పెట్టి, ఆ రేటును డీజిల్ ధరతో ముడిపెట్టి, ధర పెరిగినప్పుడే కాక తగ్గినప్పుడు కూడా నెలనెలా సవరించాలి. గనుల శాఖ, జిల్లా యంత్రాంగం తలచుకుంటే ఈ రెండో పనికి కొత్త చట్టమేదీ అవసరం ఉండదనుకుంటాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెందుర్తి, విశాఖపట్నం.