మోతాదు మాట మరిచారు

సంపాదక మహాశయులకు,

సుగంధ తైలాల మీద మీరు వేసిన వ్యాసంలో లాభాలన్నీ ఉన్నాయి, మోతాదు ఊసే లేదు. మందుల షాపులో కూర్చునే ఫార్మసిస్టుని, రాయకుండా ఉండలేకపోయాను.

ఆ నూనెల్లో పనిచేసే పదార్థాలున్న మాట నిజమే. లవంగ నూనెలోని యూజెనాల్ నొప్పిని మొద్దుబారుస్తుంది. దంతవైద్యులు దాన్ని జింక్ ఆక్సైడ్ పొడితో ముద్దలా కలిపి పుచ్చుపన్నులో తాత్కాలికంగా నింపుతారు. పుదీనా నూనెలోని మెంథాల్ చల్లదనాన్ని పసిగట్టే నరాలను తట్టి లేపుతుంది. దిబ్బడేసిన ముక్కు నిజంగా తెరుచుకోదు, తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. ఆ హాయి తక్కువదేం కాదు లెండి.

కానీ "సహజమే కదా, పిల్లాడికి యూకలిప్టస్ నూనె రెండు చుక్కలు తాగించనా?" అని అడిగేవాళ్లున్నారు! కొద్ది మిల్లీలీటర్లు కడుపులోకి వెళ్లినా పసివాళ్లకు మగత కమ్మి, ఫిట్స్ రావచ్చు. కర్పూరంతోనూ అదే భయం. మూత సరిగా పెట్టని నారింజ నూనెలో లిమోనీన్ గాలి తగిలి మారిపోయి చర్మానికి అలర్జీ తెప్పిస్తుంది. పాత సీసాలు పారేయడమే మేలు.

ఈసారి ఇలాంటి వ్యాసం వేస్తే, ఎంత వాడాలో, ఎవరు వాడకూడదో పక్కనే బాక్సు కట్టి వేయండి.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు