ఆడగుర్రం ఈనేది అర్ధరాత్రి, మాకుండేది అరగంట

ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధక శాఖ మంత్రిగారికి,

నమస్కారం సార్. మాది పాడేరు మన్యంలో కొండ మీద ఊరు. బండి వచ్చే దారి లేదు. కాఫీ, మిరియాలు, రాజ్‌మా సంతకు దించాలన్నా, రేషన్ బియ్యం పైకి చేర్చాలన్నా గుర్రమే దిక్కు. మైదానంలో గుర్రం అంటే పెళ్లి ఊరేగింపు గుర్తొస్తుందేమో. మాకు అది ఇంట్లో మనిషితో సమానం.

పోయిన కార్తీకంలో మా ఆడగుర్రం ఈనింది. పదకొండు నెలలు మోసింది పాపం. ముందురోజే చనుమొనల మీద పాలు మైనం బొట్లలా గడ్డకట్టి కనిపించాయి, ఇక ఇవాళో రేపో అనుకున్నాం. రాత్రి రెండింటికి ఒళ్లంతా చెమటలు పట్టి, లేస్తూ పడుకుంటూ ఉంది. టార్చిలైటు వేసి చూస్తే, తెల్లటి పొర రావాల్సిన చోట ఎర్రగా మఖమల్ గుడ్డలాంటి సంచి బయటికి వస్తోంది. నేను సిగ్నల్ కోసం దిబ్బ ఎక్కి పశువైద్యం చేసేవాళ్లకు ఫోన్ చేశాను. "ఆవులాగే ఈనేస్తుంది, టెన్షన్ పడకండి, తెల్లారాక చూద్దాం" అన్నారు. ఫోన్ ఎత్తిన మనిషిని తప్పుపట్టను, ఆయన చేతుల మీదుగా ఈనినవన్నీ ఆవులూ గేదెలే. నేను కిందికి దిగేసరికి నాన్న ఆ సంచి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. లోపల కాళ్లు కదలడం లేదన్నాడు.

గుర్రాల వైద్యం తెలిసిన డాక్టరుగారు ఒకరు తర్వాత వివరంగా చెప్పారు. ఎర్ర సంచి వచ్చిందంటే మాయ, అంటే కడుపులో పిల్లకు తల్లి నుంచి ప్రాణవాయువు అందించే పొర, ముందే ఊడిపోయిందని అర్థమట. ఇక పిల్లకు ప్రాణవాయువు అందదు. ఆ క్షణమే సంచి చీల్చి పిల్లను బయటికి లాగాలి. కాఫీ కొమ్మలు కత్తిరించే కత్తెర ఆ రాత్రి మా చూరులోనే ఉంది సార్.

అంతటితో అయిపోలేదు. మాయ మూడు గంటల్లో పూర్తిగా పడిపోవాలి. ఒక ముక్క లోపలే ఉండిపోయిందని మాకు తెలియలేదు. మూడోరోజుకు జ్వరం, గిట్టలు ముట్టుకుంటే కాలిపోతున్నాయి, అడుగు వెయ్యలేకపోయింది. ఆ కాఫీ సీజనంతా అమ్మే నెత్తిన బస్తా పెట్టుకుని సంతకు దిగింది.

ఆవు ఈనడానికి గంటలు పట్టినా ఆగి చూడొచ్చు. గుర్రానికి ఉమ్మనీరు పోయాక ఇరవై, ముప్పై నిమిషాల్లో పిల్ల పడాలి, అది దాటితే ఇద్దరికీ ప్రమాదమే. పైగా చాలావరకు రాత్రిళ్లే ఈనుతాయి. పిల్ల గంటలో నిలబడాలి, రెండు గంటల్లో తల్లి పాలు తాగాలి. రోగాన్ని తట్టుకునే శక్తి దానికి కడుపులో ఉండగా దాదాపు అందదు, అంతా ముర్రుపాలతోనే రావాలి. మొదటి రోజు గడిచిపోతే తాగినా పేగు ఆ శక్తిని తీసుకోదు.

అందుకే మేం మా ఊళ్లో ఆసుపత్రి కట్టమని అడగడం లేదు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్సు ఎంత వేగంగా వచ్చినా కొండ కింద ఆగాల్సిందే, అక్కణ్ణుంచి నడిచి ఎక్కేలోపు అరగంట అయిపోతుంది. తెలిసిన మనిషి ఊళ్లోనే ఉండాలి. గుర్రాలున్న ప్రతి ఊరి నుంచీ ఇద్దరికి, అందులో ఒక ఆడమనిషికి, గరివిడి పశువైద్య కళాశాలలో శిక్షణ ఇప్పించండి. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం వాళ్లను పిలిపించి నేర్పిస్తే ఇంకా మంచిది. వాళ్ల చేతికి గ్లవ్స్, కత్తెర, బొడ్డుకు రాసే మందు ఇవ్వండి. రాత్రిపూట ఫోన్ ఎత్తే, గుర్రం సంగతి తెలిసిన ఒక్క డాక్టరు నంబరు ఇవ్వండి. ఈనడానికి నెల, నెలన్నర ముందు ధనుర్వాతం టీకా మా సంతల్లోనే వెయ్యండి.

డబ్బు లేదనుకోను. గుర్రాల పెంపకం వ్యాపారం పెట్టేవాళ్లకు 50 లక్షల దాకా 50 శాతం సబ్సిడీ ఇస్తామని 2024 ఫిబ్రవరిలో కేంద్రమే ప్రకటించింది. 2012లో దేశంలో 6 లక్షలకు పైగా ఉన్న గుర్రాలు 2019 లెక్కలకు 3.4 లక్షలకు పడిపోయాయి. ఉన్నవాటినీ ఈనేటప్పుడు పోగొట్టుకుంటే కొత్తవి ఎక్కణ్ణుంచి వస్తాయి?

మా ఊళ్లో ఇప్పుడు రెండు చూడి గుర్రాలున్నాయి. మొదటిది మాఘంలో ఈనుతుంది. ఆలోపు ఆ ఫోన్ నంబరు ఒక్కటైనా మాకు అందేలా చూడండి సార్.

ఇట్లు,
పాడేరు మన్యం నుంచి ఒక గుర్రాల రైతు