నా నుంచే వచ్చిందేమో, అయితే ఏంటి?

తణుకు

చిట్టితల్లీ,

ఫోన్‌లో బాబు జబ్బు సంగతి ఎత్తితే "సరేలే అమ్మా, తర్వాత మాట్లాడదాం" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

"మా వంశంలో ఇలాంటి జబ్బు ఎవరికీ లేదు" అని మీ అత్తగారు అన్న మాట నీ మనసులో ఎంత నాటుకుందో అక్కడ ఉన్నన్నాళ్లూ చూశాను. రాత్రి బాబు "అమ్మా, తిప్పు" అనగానే లేచి, వాణ్ణి పక్కకి తిప్పి, మోకాళ్ల మధ్య దిండు సర్దేదానివి. తర్వాత పడుకోవచ్చు కదా? గోడకి చేరగిలబడి, వాడు మళ్లీ పిలిచేదాకా అలాగే కూర్చునేదానివి.

బాబుకి వచ్చిన డుషేన్, అదే కండరాలు రానురాను బలహీనపడే ఈ జబ్బు, దాని జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుందట. నువ్వు క్యారియర్‌వని, అంటే ఆ జీన్‌లో లోపం నీలోనూ ఉందని రిపోర్టు వచ్చింది. మరి నీకెక్కడిది? నా నుంచే వచ్చి ఉండొచ్చు. నన్నెప్పుడైనా తిట్టుకున్నావా? అడిగితే "నువ్వేం చేస్తావమ్మా, నీకేం తెలుసు" అంటావు. ఆ మాటే నీకు నువ్వు చెప్పుకోవేం? ఈ జబ్బున్న పిల్లల్లో సుమారు మూడో వంతు మందికి తల్లిలో లేకుండానే కొత్తగా వస్తుంది. ఇక వంశాల లెక్క ఎక్కడ నిలుస్తుంది?

చెల్లికి పిల్లలు పుట్టకముందే తేలాలి కాబట్టి అదీ నేనూ టెస్ట్ చేయించుకుంటున్నాం. క్యారియర్లకి గుండె కండరం బలహీనపడే అవకాశం ఉందని నీకు ఎకో, అదే గుండె స్కాన్, రాశారు కదా, ఆ చీటీ ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. బాబు మందు ఒక్క పూట కూడా తప్పనివ్వవు, నీ దగ్గరికొచ్చేసరికి అన్నీ "వచ్చే వారం".

వాడు కంచం విసిరికొడితే నా పెంపకమే అంత అని కుమిలిపోకు. వాడు వేసుకునే మందు స్టెరాయిడే కదా, దాంతో కొందరు పిల్లలకి చిరాకు పెరుగుతుంది. ఈ జబ్బున్న పిల్లల్లో ఆందోళనా ఎక్కువే. పైగా నడక ఆగిపోతోందని వాడికి తెలియదంటావా? డాక్టరుకి చెప్పు, పిల్లల సైకాలజిస్టుకి చూపిద్దాం. మందు మాత్రం నీ అంతట నువ్వు ఆపకు, స్టెరాయిడ్ ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదం.

నీకూ ఎవరో ఒకరు కావాలి. అమ్మ దగ్గర ఏడవలేనివి ఉంటాయి, నాకు తెలుసు. 14416కి చెయ్యి. టెలీ మానస్ అని, 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. డబ్బులు పడవు, అర్ధరాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిచ్చి ఉన్నవాళ్లకే అనుకోకు, నిద్ర లేక, టెన్షన్‌తో నలిగిపోతున్నవాళ్లూ చేస్తారు.

వాడి కాళ్లకి స్ట్రెచింగ్ ఎలా చేయించాలో అల్లుడుగారికీ నేర్పు. సరిగ్గా చేయలేరని నువ్వే లాక్కుంటే ఆయన ఎప్పటికీ నేర్చుకోరు. ఇది మటుకు నీ మొండితనమే.

సంక్రాంతి అవగానే వస్తాను. రాత్రిళ్లు వాడి పక్కన నేను పడుకుంటాను, నువ్వు వేరే గదిలో తలుపేసుకుని పడుకో. సున్నుండలు తెస్తున్నాను. బరువు పెరగకూడదన్నారు కాబట్టి వాడికి ఒక్కటే ఇద్దాం. మిగతావన్నీ నీకే.

అమ్మ