చెరువుకట్ట సంరక్షణ సంఘం వార్షిక నివేదిక

(సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది)

గౌరవ సభ్యులకు నమస్కారం.

సంఘం ఆశయాలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. ఒక్క మాట మాత్రం మినిట్స్‌లో ఉండాలి. ఆయకట్టు ఉన్నన్నాళ్ళు ఈ కట్ట మీద రైతు కన్ను ఉండేది. ఆయకట్టు ప్లాట్లయింది. ఇప్పుడు చెరువుకు నడకకొచ్చేవాళ్ళూ పడవ ఎక్కేవాళ్ళూ ఉన్నారు గానీ కట్టకు దిక్కు లేదు. 2021 డ్యాం భద్రతా చట్టం 15 మీటర్లు దాటిన ఆనకట్టలకూ, 10 నుంచి 15 మీటర్ల మధ్యవాటిలో కొన్నింటికీ వర్తిస్తుంది. మన కట్ట ఆరు మీటర్లు. అర్జీ తీసుకుపోతే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును చూపిస్తుంది, అది మళ్ళీ మొదటిదాన్నే చూపిస్తుంది. ఇచ్చిన అర్జీల రసీదులన్నీ ఫైల్లో ఉన్నాయి, చూసుకోవచ్చు.

తూము లేచింది

ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోగలిగిన పని ఇదే. చెరువు నీళ్ళను బయటికి వదిలే తూముకున్న షట్టరు ఏళ్ళ తరబడి దించినచోటే బిగుసుకుపోయి ఉంది. ఆయకట్టు లేదు కదా, తూముతో ఏం పని అన్నవాళ్ళు సభ్యుల్లోనే ఉన్నారు. కట్టకు ఏదైనా అయితే నీటిమట్టం దించడానికి మనకున్న దారి అదొక్కటే. మరువ, అంటే చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే గట్టు, మీదుగా పోయేది ఆ మరువ మట్టానికి పైనున్న నీరు మాత్రమే.

మే నెలలో నీళ్ళు తూము గడప కిందికి దిగాక పని మొదలైంది. మొదట షట్టరు ముందు పేరుకున్న ఒండ్రు, ప్లాస్టిక్ సంచులు, వినాయక విగ్రహాల ఇనుప చట్రాలు తీశారు. షట్టరును ఎత్తి దించే స్క్రూ మరకు డీజిలు పోసి రాత్రంతా నాననిచ్చి, వైరు బ్రష్షుతో తుప్పు గీకారు. ఇక్కడ తొందరపడి చక్రం తిప్పితే రాడ్డు వంగుతుంది. ఎత్తేటప్పటికంటే దించేటప్పుడే ఎక్కువ వంగుతుంది, ఎందుకంటే పొడుగాటి రాడ్డును మధ్యలో పట్టి ఉంచే గైడు బ్రాకెట్లు ఎప్పుడో ఊడిపోయాయి. అందుకని షట్టరును చైన్ పుల్లీతో లేపి, గేరు మీద భారం పడనివ్వలేదు. బ్రాకెట్లు కొత్తవి బిగించాం, రబ్బరు సీలు మార్చాం, మరకు గ్రీజు పట్టించాం. కట్ట కిందుగా పోయే తూము గొట్టంలోకి లైటూ కెమెరా పంపి చూస్తే రాతి కీళ్ళ మధ్య సున్నం రాలిపోయి ఉంది. చెయ్యి అందినంత మేర సిమెంటు మోర్టారు కూరించాం. లోపలి భాగం మిగిలే ఉంది. మట్టికట్టకు తూము గొట్టం పక్కనే ప్రమాదం ఎక్కువ. గొట్టం వెంబడి నీళ్ళు దారి చేసుకుంటే మట్టిని చిటికెడు చిటికెడుగా లాక్కుపోతాయి. పైకి ఏమీ కనబడదు. తర్వాత ఒకనాడు కట్ట మీద గుంట పడుతుంది.

ఇకమీదట నెలకోసారి షట్టరును పూర్తిగా ఎత్తి దించాలి. సరదా కోసం నీళ్ళు వదలొద్దు. మట్టం దించాల్సి వచ్చినా, ప్రాణాపాయం ఉంటే తప్ప, రోజుకు ఒక అడుగుకు మించకూడదు. నీళ్ళు గబగబా తగ్గితే నానిన లోవైపు వాలు, దానిమీద పరిచిన రివెట్‌మెంటు రాళ్ళతో సహా జారుతుంది.

మరువ మీది మూటలు

పడవలకు నీళ్ళు చాలవని మరువ మీద ఇసుక మూటలు పేర్చడం ఈ ఏడాదీ ఆగలేదు. మేం తీయించడం, వాళ్ళు మళ్ళీ పెట్టడం. ఒక్క వరస మూటలకు ఏమవుతుందనేవాళ్ళు ఈ లెక్క చూడండి. మన మరువ మీద 60 సెంటీమీటర్ల ఎత్తున పారితే మీటరు వెడల్పుకు సెకనుకు సుమారు 800 లీటర్లు పోతాయి. 30 సెంటీమీటర్ల మూట పెట్టారనుకోండి, అదే మట్టానికి పారే ఎత్తు 30 సెంటీమీటర్లే మిగులుతుంది. అప్పుడు పోయేది 280 లీటర్లు. ఎత్తు సగమైతే పారుదల మూడో వంతుకు పడింది. మిగిలిన నీరు చెరువులోనే పెరిగి కట్ట మీదికి వస్తుంది.

మట్టికట్టకు పైనుంచి పొర్లడమంటే ఏమిటో మన సీమకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట అలాగే కొట్టుకుపోయింది. మరుసటి ఏడాది అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు మునిగాయి. కరువు జిల్లా, వానే పడదు అన్న ధీమా మనకు పనికిరాదు. పడినప్పుడు ఒక్క రాత్రిలోనే పడుతోంది.

పాలిటెక్నిక్ విద్యార్థులు ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ మిషనుతో కట్ట పైభాగమంతా చూసిపెట్టారు. బైకులు ఎక్కి దిగేచోట కట్ట సుమారు 20 సెంటీమీటర్లు కుంగి ఉంది. నీళ్ళు పైకొస్తే మొదట అక్కడే పొర్లుతాయి. పాతమట్టిని గీరి, తడిపి, గరుసు కలిసిన ఎర్రమట్టిని జానెడు మందం పొరలుగా పోసి, ఒక్కో పొరనూ దిమ్మిసతో కొట్టించాం. నల్లరేగడి దగ్గర్లోనే దొరుకుతుందని కొందరు పట్టుబట్టారు. ఎండాకాలం నెర్రెలిస్తే వాటిని ఎవరు పూడుస్తారు? బైకులకు అడ్డంగా రాతికూసాలు పాతాం. ఇప్పటికే ఒకటి పీకేశారు.

దిగువ వాలు

కట్టను అందంగా చేస్తామని వచ్చినవాళ్ళతోనే మాకు ఎక్కువ కష్టం. దిగువ వాలు మీద పచ్చిక పరిచి రోజూ పైపుతో తడిపారు. చూడ్డానికి బాగుంది, కాదనం. కానీ వాలంతా తడిగా ఉంటే ఊట ఎక్కడ మొదలైందో ఎట్లా తెలుస్తుంది? దీపాల కేబులు కోసం కట్ట పొడుగునా తవ్విన కాలవను వదులు మట్టితో పూడ్చి పోయారు. మొదటి వానకు నీళ్ళు నిలిచి అందులోకే ఇంకాయి. పైగా మొక్కల పండగ అని గానుగ మొక్కలు నాటారు. మణికట్టు లావు లోపలి కంప, జిల్లేడు మొత్తం నరికించాం. పెద్దచెట్లను నరికి ఊరుకోకూడదు. వేళ్ళు కుళ్ళి బొక్కలవుతాయి. మొద్దుతో సహా తవ్వి, పొరలుగా పూడ్చాలి. ఆ పని నీళ్ళు తక్కువున్నప్పుడే చెయ్యాలి కాబట్టి వచ్చే వేసవికి పెట్టాం. ఎలుక బొరియలను మూతి దగ్గర మట్టి పెట్టి మూస్తే లాభం లేదు. చివరిదాకా తవ్వి కొట్టించాం. అందని వాటిలో కొద్దిగా సిమెంటు కలిపిన పలుచని మట్టిముద్ద పోశాం.

ఊట లేని మట్టికట్ట ఉండదు. అయినా 1369 నాటి పోరుమామిళ్ళ చెరువు శాసనం చెరువుకు ఆరు దోషాలు చెబుతూ, కట్టనుంచి నీరు ఊరడాన్ని వాటిలో చేర్చింది. మన కడప జిల్లాలోని శాసనమే. ఊటను కొలవాలని దాని అర్థం అనుకుందాం. కట్ట అడుగు కాలవలో 90 డిగ్రీల వి-నాచ్ పలక, అంటే V ఆకారపు గాటున్న పలక, బిగించాం. గాటు అడుగునుంచి నీటి ఎత్తు 5 సెంటీమీటర్లయితే నిమిషానికి సుమారు 46 లీటర్లు, 10 అయితే 260. ఎత్తును పలక దగ్గర కొలవకండి, అక్కడ నీళ్ళు వంగుతాయి. మూర దూరం వెనక్కి, కొట్టిన మేకు దగ్గర కొలవాలి. అదే రోజు చెరువు మట్టమూ రాయాలి. చెరువు పెరగకుండా ఊట పెరిగితే ఫోన్ చెయ్యాలి. గాజుసీసాలో పట్టి చూస్తే అడుగున మట్టి దిగితే, మట్టం ఎంతున్నా సరే, వెంటనే ఫోన్ చెయ్యాలి.

అప్పుడు ఊటను బంకమట్టితో మూయడమనేది అందరికీ తోచే పని. అది చెయ్యొద్దు. మూస్తే నీళ్ళు ఇంకోచోట పొడుచుకొస్తాయి. ఊట మీద ముందు ఇసుక, దానిపైన సన్న కంకర, ఆపైన రాళ్ళు వెయ్యాలి. నీళ్ళు రావాలి, మట్టి రాకూడదు. ఊట బుడగలు కడుతుంటే చుట్టూ ఇసుక మూటలతో గుండ్రంగా గట్టు కట్టి, నీళ్ళు తేటపడేదాకా ఎత్తు పెంచాలి. ఇసుక, కంకర, ఖాళీ గోతాలు మరువ పక్క షెడ్డులో ఉన్నాయి. తాళం టీ కొట్టులో ఉంటుంది. ఆ ఇసుకను ఇంటిపనికి తీసుకుపోయినవారు దయచేసి తిరిగి పొయ్యగలరు.

లెక్కలు

జమాఖర్చులు ఆడిటరు చూసి సంతకం చేశారు. పుస్తకం కోశాధికారి దగ్గరుంది. ఖర్చులో పెద్దభాగం తూముకే. చందా బాకీదారుల పేర్లు ఈసారి చదవడం లేదు, వచ్చేసారి చదువుతాం.

కృతజ్ఞతలు

రోజుకూలి తీసుకోకుండా షట్టరు లేపిన మెకానిక్కుకూ ఆయన శిష్యులకూ, లెవెల్ తీసిన విద్యార్థులకూ వాళ్ళ మాస్టారుకూ, ట్రాక్టరిచ్చిన సభ్యుడికీ, పనిరోజుల్లో ఉగ్గాని వండి పంపిన మహిళా సభ్యులకూ, షెడ్డుకు రేకులిచ్చినవారికీ, క్రేనును కట్ట మీదికి ఎక్కించకుండా నిమజ్జనాన్ని ఒడ్డువైపుకు మళ్ళించిన ఉత్సవ కమిటీల పెద్దలకూ సంఘం రుణపడి ఉంది. అందరి పేర్లూ బోర్డులో రాయించాం.

వాట్సాప్ గ్రూపులో "మేమొస్తాం" అని బొటనవేలు పెట్టినవారి పేర్లతో ఇంకో బోర్డు రాయించొచ్చు, అంతమంది ఉన్నారు. పార పట్టినవాళ్ళు మాత్రం ప్రతి ఆదివారం ఆ పదిమందే. కట్ట చూడటానికి వస్తామన్న అధికారులు వచ్చారు, పడవ ఎక్కారు, వెళ్ళారు.

సభ ముందుకు వచ్చే తీర్మానాలు మూడు. మరువ మట్టానికి పైన ఏదీ పెట్టకూడదని పడవల ఒప్పందంలో షరతుగా రాయించాలి. తూము గొట్టం లోపలి మరమ్మతుకు వచ్చే వేసవిలో ప్రత్యేక చందా వెయ్యాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన రాత్రుల్లో కట్ట మీద ఇద్దరిద్దరు చొప్పున గస్తీ ఉండాలి. గస్తీ పట్టిక తలుపు దగ్గర బల్ల మీద ఉంది. పేరు, ఫోన్ నంబరు రాసి లోపలికి రండి. భోజనం టోకెన్లు కూడా ఆ బల్ల మీదే ఇస్తున్నారు.

కార్యదర్శి